బ్యాంకులో ఉన్నదంతా మనది కాదు: చిన్న సంస్థ డబ్బును ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండటం ఎలా

ఏడాదికి ఐదారు లక్షలు వచ్చిపోయే ట్యూషన్ సెంటరో, ఆదివారం తెలుగు బడో, కాలనీ లైబ్రరీనో నడుపుతుంటారు. అక్కడ లెక్కలు చూసే పని ఎవరో ఒకరి మీద పడుతుంది. "నువ్వు ఎక్సెల్ బాగా చేస్తావుగా, నువ్వే చూడు" అంటారు, అంతే, ఆ రోజు నుంచి మీరే కోశాధికారి. బెంగళూరులో వర్తూరు వైపు, కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి బేల్దారి పనికి వచ్చిన వాళ్ల పిల్లలకు సాయంత్రం పూట చదువు చెప్పే ఒక చిన్న సొసైటీకి నేనూ అలాగే కోశాధికారినయ్యాను. ఇలాంటి పని నెత్తిన పడ్డవాళ్ల కోసమే ఇది రాస్తున్నా.

ముందు మేం చేసిన తప్పు చెబుతా, ఎందుకంటే ఈ పద్ధతంతా దాంట్లోంచే పుట్టింది.

2022 మార్చి 31న మా ఖాతాలో, ఎఫ్‌డీతో కలిపి, 6,20,000 రూపాయలు ఉన్నాయి. అంత డబ్బు మేం అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆ వారాంతం కమిటీ కూర్చుని, రెండు కిలోమీటర్ల అవతల రేకుల షెడ్లలో ఉండే పిల్లల కోసం రెండో సెంటర్ తెరుద్దామని పది నిమిషాల్లో తీర్మానం చేసేసింది. నేనూ చెయ్యెత్తాను. బాడుగ 12,000, బెంగళూరులో ఎప్పటినుంచో ఉన్న అలవాటు ప్రకారం పది నెలల అడ్వాన్సు 1,20,000, టీచరు జీతంతో సహా నెలకు అదనంగా 30,000 ఖర్చు. ఆరు లక్షలు పెట్టుకుని ఈ మాత్రానికి వెనకాడటం ఏమిటి అనుకున్నాం.

ఆగస్టు మొదటి వారంలో ఆ సెంటర్ మూసేశాం. 34 మంది పిల్లలు. తాళం వేసిన రోజు సాయంత్రం ఇద్దరు పిల్లలు సంచులు తగిలించుకుని వచ్చి మెట్ల మీద కూర్చున్నారు, వాళ్లకు కబురు అందలేదు.

ఆ 6,20,000ను ఏప్రిల్‌లోనే విడదీసి చూసుంటే ఏం కనిపించేదో చెబుతా. అందులో 3,10,000 ట్యాబ్‌లు కొనడానికి ఒక కంపెనీ ఇచ్చింది, వేరే దేనికీ వాడకూడదు. లక్ష రూపాయలు ఒక పెద్దాయన శాశ్వత నిధికని ఉత్తరం రాసి మరీ ఇచ్చింది, అది ఎఫ్‌డీలో ఉంది, వడ్డీ తప్ప అసలు ముట్టుకోకూడదు. టీచర్లకు, ఆయాకు మార్చి నెల జీతాల బాకీ 31,000. కార్యదర్శి గారు తన జేబులోంచి పెట్టిన చేబదులు 9,000. ఇవన్నీ తీసేస్తే మిగిలేది 1,70,000. మొదటి సెంటర్ నెల ఖర్చు అప్పట్లో 52,000: బాడుగ 17,000, ఇద్దరు టీచర్లకు 26,000, ఆయాకు 5,000, కరెంటు, నీళ్లు, నెట్ కలిపి 2,000, చిల్లర ఖర్చులు 2,000. అంటే ఆరు లక్షలున్నాయనుకున్న మాకు నిజంగా ఉన్నది మూడు నెలల పైచిలుకు ఖర్చుకు సరిపడా డబ్బు. కొత్త సెంటర్ అడ్వాన్సు 1,20,000 కట్టేసరికి మిగిలింది 50,000. నెల ఖర్చేమో 82,000కు చేరింది, నెలనెలా తప్పకుండా ఇచ్చే దాతల నుంచి వచ్చేది 25,000, నెలకు 57,000 తరుగు.

జులై ఆఖరుకు ఆ తరుగు మొత్తం 2,28,000 అయింది. అందులో మాది 50,000. మిగతా 1,78,000 ట్యాబ్‌ల డబ్బు. ఎవరూ దొంగతనం చేయలేదు, ఎవరికీ తెలియనూ లేదు, ఎందుకంటే ఎఫ్‌డీతో కలిపి చూస్తే బ్యాంకులో ఇంకా 2,32,000 కనిపిస్తూనే ఉంది. కంపెనీ వాళ్లు డబ్బు ఎలా వాడారో పత్రం ఇవ్వమని మెయిల్ పెట్టినప్పుడు నాకు చేతులు చల్లబడ్డాయి. సెంటర్ ఖాళీ చేస్తే ఇంటాయన పెయింటింగ్‌కని ఒక నెల బాడుగ పట్టుకుని 1,08,000 తిరిగిచ్చారు. తగ్గిన 70,000 కమిటీలో ఉన్నవాళ్లం తలా కొంత వేసుకుని పూడ్చాం. మొదటి సెంటర్‌నైనా దసరా దాకా నిలబెట్టడానికి మళ్లీ ఇంటింటికీ తిరిగాం.

కాబట్టి మొదటి పని. ప్రతి నెలా ఒకటో తారీఖున ఈ తీసివేత చేయండి. బ్యాంకు నిల్వలోంచి, ఫలానా పనికే అని ఇచ్చిన డబ్బు తీసేయండి, శాశ్వత నిధి తీసేయండి, ఇవ్వాల్సిన బాకీలు తీసేయండి, ఎవరి చేబదులైనా ఉంటే అదీ తీసేయండి. ఇంటి అడ్వాన్సును ఆస్తుల్లో రాసుకోవచ్చు కానీ ఇక్కడ మాత్రం కలపకండి, అది ఖాళీ చేసిన రోజుకి గానీ చేతికి రాదు. మిగిలిన దాన్ని మేం చేతి సొమ్ము అంటాం. దాన్ని నెల ఖర్చుతో భాగించి, వచ్చిన అంకెను నెలల్లో చెప్పండి. "లక్షా డెబ్బై వేలు ఉన్నాయి" అంటే కమిటీలో అందరి మొహాలు వెలిగిపోతాయి, "మూడు నెలలకు సరిపడా ఉంది" అంటే అందరూ కుర్చీలో ముందుకు జరుగుతారు. ఆరు నెలలకు సరిపడా ఉంటే నిశ్చింతగా నిద్రపోవచ్చని, మూడు నెలల కంటే తగ్గితే కొత్త పని ఏదీ మొదలుపెట్టకూడదని మేం మినిట్స్ పుస్తకంలో తీర్మానంగా రాసుకున్నాం. అలా రాసి ఉంటే ఉత్సాహంగా ఉన్న సభ్యుడితో ఎవరూ గొడవపడక్కర్లేదు, పుస్తకం తెరిచి చూపిస్తే చాలు.

రెండో పని కొంచెం పెద్దది, ఒక ఆదివారం మొత్తం పడుతుంది. గడిచిన ఐదేళ్ల లెక్కలను ఒకే కాగితం మీదకు తీసుకురావాలి. ఆడిటర్ ఏటా ఇచ్చే జమా ఖర్చుల పట్టిక, ఆదాయ వ్యయాల పట్టిక, బ్యాలెన్స్ షీటు ఏ ఏడాదికి ఆ ఏడాది చక్కగా బైండు చేసి బీరువాలో ఉంటాయి, వాటిని ఎవరూ పక్కపక్కన పెట్టి చూడరు. చూడాల్సింది అలాగే. ఏళ్లు నిలువు గడుల్లో, పద్దులు అడ్డు వరుసల్లో. పద్దులు పదికి మించనివ్వకండి: నెలనెలా వచ్చే చందాలు, ఒక్కసారి వచ్చే విరాళాలు, ఫలానా పనికని వచ్చినవి, వడ్డీ, అటువైపు బాడుగ, జీతాలు, పిల్లల మీద నేరుగా పెట్టిన ఖర్చు, మిగతావి. అడుగున చేతి సొమ్ము ఎన్ని నెలలకు వస్తుందో ఒక వరుస. అన్నింటికంటే కింద ఒక్క దాత నుంచి వచ్చిన అతిపెద్ద మొత్తం, ఆ ఏడాది ఆదాయంలో అది నూటికి ఎంతో.

పాత కాగితాలు దొరక్కపోతే కంగారు పడకండి. బ్యాంకు స్టేట్‌మెంట్లు పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి, రశీదు పుస్తకాల్లో మిగిలిన రెండో ప్రతులు ఉంటాయి, ఆ రెండూ ఉంటే చాలా వరకు లెక్క తేలుతుంది. బిల్లుల సంగతే కష్టం. నాకు పాత కోశాధికారి గారి నుంచి ఒక గుడ్డ సంచి వచ్చింది, అందులో రబ్బరు బ్యాండ్లు వేసిన బిల్లుల కట్టలు, ఎంతో పద్ధతిగా నెలవారీగా కట్టి ఉన్నాయి. విప్పి చూస్తే సగం తెల్లకాగితాలు. దుకాణాల్లో ఇచ్చే ఆ నున్నటి థర్మల్ కాగితం మీద అక్షరాలు రెండు వేసవులకే పోతాయి. ఆయన తప్పేమీ లేదు, ఆయన దాచింది దాచినట్టే ఉంది. మీరు మాత్రం బిల్లు చేతికొచ్చిన రోజే ఫోన్‌లో ఫొటో తీసి, తారీఖు పేరుతో సేవ్ చేసి, జిరాక్స్ తీసి వోచర్‌కు అంటించండి. పన్ను మినహాయింపు ఉన్న సంస్థలు లెక్కల పుస్తకాలు, వోచర్లు పదేళ్లు దాచాలని ఆదాయపు పన్ను నిబంధనల్లోనే ఉంది.

ఇక ఆ కాగితాన్ని చదవడం. ముందు చందాల వరుస చూడండి, నెలకు ఐదువందలో వెయ్యో క్రమం తప్పకుండా ఇచ్చేవాళ్లే మీ వెన్నెముక, ఒక్కసారి వచ్చే రెండు లక్షల కంటే ఆ వరుస ఏటా కొంచెం పెరగడం ముఖ్యం. తర్వాత పెద్ద దాత వరుస. ఒకరి నుంచే ఆదాయంలో సగం వస్తోందంటే, ఆయన ఉద్యోగం మారినా, ఊరు మారినా, మనసు మారినా మీ సెంటర్ తలుపు మూతపడుతుంది. ఆయన ఎంత మంచివాడైనా సరే, ఆ వాటా మూడో వంతుకు తగ్గేదాకా కొత్త దాతల కోసం వెతకడమే మీ అసలు పని. బాడుగ వరుస ఎలాగూ ఏటేటా పెరుగుతుంది, పదకొండు నెలల అగ్రిమెంటు తిరగరాసే ప్రతిసారీ కొంత పెంచుతారు, దాన్ని ముందే బడ్జెట్‌లో వేసుకోండి. అన్నట్టు ఆ అగ్రిమెంటు ఎవరి పేరు మీద ఉందో ఈ రాత్రే తీసి చూడండి. సభ్యుడి సొంత పేరు మీద ఉంటే అడ్వాన్సు తిరిగి అడిగే హక్కు కాగితం మీద ఆయనదే అవుతుంది, సంస్థ పేరుకు మార్పించండి.

ఏడాదిలోపల కూడా డబ్బుకు ఒక నడక ఉంటుంది. మాకు ఉగాదికి, దసరాకు, మార్చి ఆఖర్లో జమలు పడతాయి, జూన్ నుంచి సెప్టెంబరు దాకా కరువు. బడి తెరిచేది, పుస్తకాలు కొనేది సరిగ్గా అప్పుడే. పన్నెండు నెలల జమ ఖర్చులు రెండేళ్లవి గ్రాఫు గీస్తే మీ కరువు నెలలు మీకూ కనిపిస్తాయి, వాటికి సరిపడా మార్చిలోనే పక్కన పెట్టుకోవాలి. ఒక మార్పు గమనించండి: కొత్త పన్ను విధానంలో ఉన్న దాతకు 80జి మినహాయింపు (విరాళం ఇచ్చినందుకు పన్నులో వచ్చే తగ్గింపు) రాదు, 2023-24 నుంచి పాతది కావాలని ఎంచుకోకపోతే అందరికీ వర్తించేది ఆ కొత్త విధానమే. ఐటీ కంపెనీల్లో పనిచేసే మా దాతల్లో చాలామంది అటు మారారు, మార్చిలో పన్ను కోసం పడే డబ్బు మాకు బాగా పలచబడింది. "80జి ఉంది" అనే మాట మీదే విరాళాలు అడిగే అలవాటుంటే మార్చుకోండి, పిల్లల గురించి చెప్పి అడగండి.

చాలా చిన్న సంస్థల్లో ఒక భయం ఉంది, మార్చి 31 కల్లా డబ్బంతా ఖర్చయిపోవాలని, లాభాపేక్ష లేని సంస్థలో మిగులు ఉంటే తప్పని. అలాంటిదేమీ లేదు. సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చే 12ఏ నమోదు ఉంటే ఏడాది ఆదాయంలో 85 శాతం సంస్థ పనికి వాడాలి, మిగిలిన 15 శాతం ఏ కారణం చెప్పకుండానే దాచుకోవచ్చు. అంతకంటే ఎక్కువ దాచాలంటే ఫలానా పనికి అని చెప్పి గడువులోపు ఫారం 10 వేసి ఐదేళ్ల వరకు ఉంచుకునే వీలుంది. ఆ 15 శాతమే కదా మీ ఆరు నెలల నిల్వకు విత్తనం, దాన్ని మార్చి ఆఖర్లో హడావుడిగా బ్యాగులు, టీషర్టులు కొని ఖర్చు చేసేయకండి. జాతీయ బ్యాంకులో ఎఫ్‌డీ వేయండి. షేర్లలో పెట్టి పెంచుదామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు, ఇలాంటి సంస్థల డబ్బు ఎక్కడెక్కడ ఉంచవచ్చో చట్టంలో జాబితా ఉంది, అది దాటితే మినహాయింపుకే ఎసరు.

తారీఖుల విషయం త్వరగా చెప్పేస్తా. గడిచిన ఏడాది దాతల వివరాలతో 10బిడి ఫారం మే 31 లోపు, అది వేస్తేనే దాతకు 80జి కోసం 10బిఇ సర్టిఫికెట్ వస్తుంది, ఆలస్యానికి రోజుకు 200 రుసుము. ఆడిట్ రిపోర్టు సాధారణంగా సెప్టెంబరు 30 లోపు, సంస్థ పన్ను రిటర్ను, అంటే ఐటీఆర్ 7, అక్టోబరు 31 లోపు. కర్ణాటకలో సొసైటీ అయితే 1960 నాటి సొసైటీల చట్టం కింద ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, అది అయిన 14 రోజుల్లోపు పాలకవర్గం జాబితా, బ్యాలెన్స్ షీటు రిజిస్ట్రారుకు ఇవ్వాలి. 12ఏ, 80జి నమోదులకు గడువు ఉంటుంది, ముగియడానికి ఆరు నెలల ముందే మళ్లీ దరఖాస్తు చేయాలి, ఆ తారీఖును గోడ మీద పెద్దక్షరాలతో రాసుకోండి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్లు, ఫారాల నంబర్లు మారతాయి. నేను అందరి నోళ్లలో నానిన పాత పేర్లే వాడాను, మీకు వర్తించే కొత్తవి ఆడిటర్ దగ్గర కూర్చుని రాయించుకోండి.

జమల దగ్గర మొహమాటం పనికిరాదు. 2,000 దాటిన నగదుకు దాతకు 80జి రాదు, ముందే చెప్పండి. క్యూఆర్ కోడ్ సంస్థ ఖాతాదే ఉండాలి, "ప్రస్తుతానికి నా ఫోన్‌పేకి వేయండి, తర్వాత మారుస్తా" అన్న చోటే ఎంతో నిజాయితీ గల మనుషుల మీద కూడా మరక పడుతుంది. రెండు సంతకాలు లేకుండా డబ్బు బయటికి పోకూడదు. పేరు చెప్పకుండా వచ్చే విరాళాలు ఒక హద్దు దాటితే వాటి మీద 30 శాతం పన్ను పడుతుంది, అందుకే హుండీ డబ్బా పెట్టినా పక్కనే పేర్లు రాసే పుస్తకం పెట్టండి. చేబదులు తీసుకుంటే ఆ రోజే వోచర్ రాసి ఇద్దరూ సంతకం పెట్టండి, లేదంటే మూడేళ్ల తర్వాత "నేను అప్పట్లో పెట్టిన పదివేలు" అనే మాట స్నేహాన్నే తినేస్తుంది.

మన తెలుగు సంస్థలకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త. అమెరికాలో ఉన్న బంధువులు, పాత స్నేహితులు ప్రేమగా డబ్బు పంపిస్తామంటారు. వాళ్లది ఇంకా భారత పాస్‌పోర్టే అయితే, గ్రీన్‌కార్డు ఉన్నా సరే, సొంత సంపాదనలోంచి ఇస్తే అది విదేశీ విరాళం కిందకు రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుంటే మాత్రం, భారత సంతతి విదేశీ పౌరులకిచ్చే ఓసీఐ కార్డున్నా, ఇక్కడి ఖాతాలోంచి రూపాయల్లో ఇచ్చినా, అది విదేశీ విరాళమే. దానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ కావాలి, ఆ డబ్బు తొలుత ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. ఆ రెండూ లేకుండా ఒక్క రూపాయి తీసుకున్నా తప్పే. "మన సొంత బాబాయే కదా" అనిపిస్తుంది, చట్టం చూసేది పాస్‌పోర్టును. డబ్బు తీసుకునే ముందే అడగండి, పాస్‌పోర్టు మొదటి పేజీ కాపీ ఫైల్లో పెట్టుకోండి. ఎవరూ ఏమీ అనుకోరు, చెప్పే తీరులో చెబితే.

ఇన్నేళ్లలో లెక్కలు చిక్కుపడేది ఎక్కువగా కోశాధికారి మారినప్పుడే. బ్యాంకు ఓటీపీ పాత ఆయన ఫోన్‌కు వెళుతుంది, ఆయన హైదరాబాద్ మారిపోయి ఉంటారు, జీతాలు వేయాల్సిన రోజు మీరు ఫోన్ చేస్తే ఆయన మీటింగ్‌లో ఉంటారు. ఆదాయపు పన్ను పోర్టల్ లాగిన్‌దీ అదే కథ. సంస్థ పేరు మీద ఒక సిమ్, ఒక ఈమెయిల్ తీసుకోండి, అన్నింటికీ అవే ఇవ్వండి. మారేటప్పుడు ఇద్దరూ కనీసం మూడు నెలలు కలిసి పనిచేయాలి, అందులో మార్చి తప్పకుండా ఉండాలి. ఒక పూట కూర్చుని నగదు లెక్కపెట్టి, చెక్కుబుక్కులో మిగిలిన ఆకులు లెక్కపెట్టి, వాడని రశీదు పుస్తకాల నంబర్లు రాసి, ఇద్దరూ సంతకం చేసి మినిట్స్ పుస్తకంలో అంటించండి.

చివరగా, ఆ ఐదేళ్ల కాగితాన్ని బీరువాలో దాచకండి. 2023 సర్వసభ్య సమావేశానికి నేను దాన్ని పెద్ద కాగితం మీద జిరాక్స్ తీయించి, వచ్చిన అందరికీ, పిల్లల తల్లిదండ్రులకు కూడా పంచాను. రెండో సెంటర్ డబ్బు ఎలా పోయిందో ఉన్నదున్నట్టు చెప్పాను. వెనక వరుసలో కూర్చున్న ఒక పిల్ల తండ్రి, బేల్దారి పని చేసే మనిషి, కాగితం మీద వేలు పెట్టి గడి తర్వాత గడి జరుపుకుంటూ చాలాసేపు చూశాడు. "సార్, బాడుగ ఏటేటా పెరుగుతా ఉంది, పదమూడు వేల నుంచి పదిహేడు వేలయింది. పంతులమ్మల జీతం గడి మాత్రం నాలుగేండ్లుగా అట్లనే ఉందే?" అన్నాడు. నిజమే, ఇద్దరికీ చెరో 13,000, కదల్లేదు. ఆ కాగితం తయారుచేసింది నేనే, నేను చూడలేదు. ఆ రోజే చెరో 1,500 పెంచాలని తీర్మానం రాశాం, దానికి నెలకు కావాల్సిన 3,000 కోసం నెలకు ఐదువందలిచ్చే కొత్త దాతలు ఆరుగురు దొరికేదాకా అమలు చేయొద్దని ఎవరో అన్నారు. ఆ పిల్ల తండ్రి లేచి తన పేరు మొదట రాయమన్నాడు.

ఇప్పుడు మా కాగితంలో జీతాల వరుస బాడుగ వరుసకు పైన ఉంటుంది.